గేజి రీడింగు

గొట్టా బ్యారేజీ మీద లస్కరుని నేను.
గంటగంటకీ గేజి చూసి
రిజిస్టర్లో అంకె వేస్తాను,
అంకె పక్కన గంట వేస్తాను.
గంట లేని అంకెకి
మా ఏఈ గారు సంతకం పెట్టరు.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
మా ముఖలింగాన్ని కొలిచింది ఒక మంగళవారం.
తెల్లారగట్ల హిరమండలంలో బస్సెక్కి
దారంతా నిలబడే వెళ్లాం.
వరసలో నూట పదకొండో నంబరు.
గదిలో ట్యూబులైటు జుయ్యిమంటోంది.
వాడు రెండు చెవులూ మూసుకుని ఊగుతున్నాడు.
"పేరేంటి బాబూ?"
పధ్నాలుగేళ్లుగా వాడి నోట పేరు రాలేదు.
"ఇటు చూడు."
చూడలేదు.
ఎర్ర దిమ్మ మీద పచ్చ దిమ్మ పెట్టమన్నారు.
దిమ్మని చెంపకి ఆనించుకున్నాడు, చల్లగా ఉందని.
ఆ గడిలో సున్నా.

"లో ఫంక్షనింగ్" అన్నాడు పెద్ద డాక్టరు.
పక్కనున్న కుర్ర డాక్టరమ్మ మెల్లిగా
"ఇప్పుడలా అనటం లేదండీ,
ఎంత సాయం కావాలన్నదాన్ని బట్టి
ఒకటి, రెండు, మూడు అంటాం.
మీ వాడు మూడు" అంది.
మంచిదే ఆవిడ. ఆ మాట చెప్పేటప్పుడు లేచి నిలబడింది.

బయటికొచ్చాక తవిటమ్మ అడిగింది:
"మూడంటే ఏటి? నాలుగూ అయిదూ కూడా ఉన్నాయేటి?"
"నేవు. అదే ఆఖరు."
"ఆఖరంటే కిందా, మీదా?"
నీళ్ల లెక్క తెలిసినవాణ్ని,
నాకూ తెలీలేదు.
ఏట్లో అంకె పెరిగితే నీరు పెరిగినట్టు.
ఇక్కడ అంకె పెరిగితే
మనిషి తగ్గినట్టు రాసుకుంటారు.

గేజి గురించి నాకు తెలిసింది చెప్తాను.
ఆ స్తంభాన్ని తాకిన నీరెంతో అది చెప్తుంది, అంతే.
పైన ఒడిశా కొండల్లో ఏం కురిసిందో దానికి తెలీదు.

పోయిన ఆషాఢంలో మూడు రాత్రులు
వాడు తల గోడకేసి కొట్టుకున్నాడు.
ఆపబోతే నా చెయ్యి కొరికాడు. మచ్చ ఇదిగో.
ఆర్‌ఎంపీ గురువులు సర్టిఫికెట్ తిరగేసి
"లెవెల్ త్రీ కదా మావా, అలగే ఉంటాది" అని
నిద్రకి బిళ్లలిచ్చాడు.
నాలుగో రోజు తవిటమ్మ
వాడి తల ఒళ్లో పెట్టుకుని, నోట్లోకి టార్చి వేసింది.
వెనక దవడ పన్ను. చిగురంతా చీము.

పన్ను నొప్పికి లెవెలేటి?
మనకైతే అమ్మో అని అరిచి ఊరందరికీ చెప్తాం.
వాడు గోడకి చెప్పాడు.
పైన వాన కురుస్తోంటే
కింద నిలబడి మేం వరదని తిట్టాం.

మా గుమస్తా జోగారావు కూతురు మేఘన,
ఆ పిల్లది ఒకటట.
తొంభై ఆరు మార్కులు.
"బళ్లోంచి వచ్చి లైటు ఆర్పేసి
రెండు గంటలు బాత్రూంలో కూర్చుంటాది" అని
టీ తాగుతూ ఒకసారి చెప్పాడు. మళ్లీ ఎత్తలేదు.
బాగానే ఉంది కదా అంటారంతా.
ఆ పిల్లని సాయం అడగనివ్వరు.
మావాణ్ని ఏమీ అడగరు.

అబద్ధం చెప్పను.
వాడికి సాయం కావాలి, చాలా కావాలి.
లుంగీ మార్చాలి, ముద్ద కలిపి పెట్టాలి,
ఏరు దగ్గర గనక గడియ పైకి వేయాలి.
పింఛనుకి ఆ అంకే అక్కరకొచ్చింది.
లోపల ఏదో విద్య దాగుందేమోనని
చుట్టాలు ఆశగా అడుగుతారు.
లేదు.
నీళ్ల చప్పుడంటే ఇష్టం. అది విద్య కాదు, ఇష్టం.

ఈ రాత్రి పైనుంచి నీరొస్తోంది.
తవిటమ్మకి జ్వరం, వాణ్ని డ్యూటీకి తెచ్చుకున్నాను.
గేట్లెత్తిన హోరుకి నా గుండె అదురుతోంది.
ట్యూబులైటుకి చెవులు మూసుకున్నవాడు
నా నడుం తాడు పట్టుకుని
రెయిలింగుకి చెంప ఆనించి నిలబడ్డాడు.

రిజిస్టరు కింద ఇంకో నోటుబుక్కు పెట్టాను.
ఉదయం ఆరు: చొక్కా తనే తొడుక్కున్నాడు, తిరగేసి.
పది: పక్కింటి గ్రైండరు. మంచం కిందకి దూరాడు, రాలేదు.
సాయంత్రం అయిదు: నా వేలు పట్టి కుండ దగ్గరికి తీసుకెళ్లాడు.
రాత్రి రెండు: నవ్వాడు. దేనికో తెలీదు.
మూడు:
ఇంకా చూడలేదు.